ఐసైట్ రివ్యూ: శ్రీకాకుళంలో ఒక ప్రమోషన్ ఫైలు కోసం మూడు నెలలు వాడి చూశాక

మెడికల్ కాలేజీల్లో పనిచేస్తూ ప్రమోషన్ ఫైలు పెట్టుకోవాల్సిన వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఐసైట్ అని అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ వాళ్లు నడిపే వెబ్‌సైట్ ఒకటుంది, పూర్తిగా ఉచితం. మన పేపర్లని ఎంతమంది తమ పేపర్లలో ప్రస్తావించారో, అంటే సైట్ చేశారో చెప్పడంతో ఆగదు, ఆ వచ్చిన సైటేషన్లు మన సబ్జెక్టులో ఎక్కువో తక్కువో కూడా లెక్కకట్టి చూపిస్తుంది. మూడు నెలలపాటు దీన్ని, ఇలాగే పేపర్లనీ సైటేషన్లనీ లెక్కపెట్టే గూగుల్ స్కాలర్, స్కోపస్‌ల పక్కన పెట్టుకుని వాడాను. అయిదుకి నాలుగు మార్కులు ఇస్తాను. తగ్గించిన ఆ ఒక్క మార్కు మాత్రం చిన్న విషయానికి కాదు, కింద చెప్తాను.

నేను శ్రీకాకుళంలో ఒక మెడికల్ కాలేజీలో కమ్యూనిటీ మెడిసిన్ చెప్తాను. మా డిపార్ట్‌మెంట్ మేడమ్ పదేళ్లకి పైగా ఉద్దానం కిడ్నీ జబ్బు మీద పనిచేస్తున్నారు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఆవిడ తిరగని ఊరు లేదు. జీడితోటల్లో పనికి పోయేవాళ్లు ఇంటికొచ్చే వేళ చూసుకుని సాయంత్రాలు వెళ్లి రక్తం నమూనాలు తీయించేవారు. ఆవిడకి పై పోస్టుకి దరఖాస్తు చేసే అవకాశం వచ్చింది. ఆ ఫారంలో "పబ్లికేషన్ రికార్డు, సైటేషన్ ఇంపాక్ట్" అని ఒక పేజీ ఉంది. "నాకీ లెక్కలు తెలీవు బాబూ, నువ్వొకసారి చూసి పెట్టు" అన్నారు. అలా ఈ పని నా నెత్తికెక్కింది.

ముందు మేం చేసిన తప్పు చెప్తాను, మీరు చేయకుండా ఉంటారని. వాట్సాప్‌లో వచ్చిన ప్రకటన చూసి ఒక ఏజెన్సీకి 3,500 రూపాయలు కట్టాం. ప్రొఫైల్ తయారుచేసి సైటేషన్ రిపోర్టు ఇస్తామన్నారు. నాలుగు రోజులకి రంగురంగుల గ్రాఫులతో పీడీఎఫ్ పంపారు, అందులో హెచ్-ఇండెక్స్ (సైటేషన్ల మీద కట్టే ఒక అంకె, లెక్క కింద చెప్తాను) 19 అని ఉంది. మేడమ్ కళ్లజోడు సర్దుకుని పేపర్ల లిస్టు చదవడం మొదలుపెట్టారు, రెండో పేజీలోనే ఆగిపోయారు. టర్బైన్ బ్లేడు వైబ్రేషన్ల మీద ఒక పేపరు, వరి తెగులు మీద రెండు పేపర్లు ఆవిడ ఖాతాలో ఉన్నాయి. "ఇవి నావి కావు, ఇది పెడితే నా పరువేం కాను" అన్నారు. ఏజెన్సీ వాళ్లకి ఫోన్ చేస్తే "ఎక్కువ ఉంటే మీకే మంచిది కదా సార్" అని జవాబు. డబ్బు తిరిగి రాలేదు. ఇలాంటి రిపోర్టు ఇంటర్వ్యూలో ఎవరైనా తిరగేసి చూస్తే, పదేళ్ల నిజమైన పని కూడా అనుమానంలో పడుతుంది. ఆ మాట తలుచుకుంటే నాకిప్పటికీ కోపం వస్తుంది.

అసలు చిక్కు మన పేర్లలో ఉంది. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, జర్నల్ ఫారం లాస్ట్ నేమ్ ఏదని అడుగుతుంది. ఒకసారి ఇంటిపేరు రాస్తాం, ఇంకోసారి పేరులో చివరి మాట రాస్తాం. మేడమ్ పేరు చివర లక్ష్మి ఉంది. అది లాస్ట్ నేమ్ అయ్యి ఇంటిపేరు ఒక్క అక్షరానికి కుదించుకుపోతే, ఆ పేరుతో ఆంధ్ర, తెలంగాణల్లో ఎంతమంది రీసెర్చర్లు ఉంటారో ఆలోచించండి. రావులూ, నాయుళ్లూ, కుమార్లదీ ఇదే అవస్థ. ఆడవాళ్లకి ఇంకో మెలిక. పెళ్లికి ముందు రాసిన పేపర్లు పుట్టింటి ఇంటిపేరుతో, తర్వాతవి అత్తింటి ఇంటిపేరుతో ఉంటాయి. వైద్య పేపర్లు వెతికే పబ్‌మెడ్ సైట్లో మేడమ్ పేపర్లు నాలుగు రకాల పేర్లతో దొరికాయి. స్కోపస్ అయితే ఆవిడని ముగ్గురు మనుషులుగా చేసి మూడు ఆథర్ ఐడీలు ఇచ్చింది. ఒకరికి ఎనిమిది పేపర్లు, ఇంకొకరికి అయిదు, మూడో మనిషికి రెండు. ఒక్కొక్కరి హెచ్-ఇండెక్స్ 4, 3, 1. మూడు ఐడీలనూ కలపమని స్కోపస్‌కి రిక్వెస్ట్ పెట్టాం, దానికి డబ్బేమీ అడగరు. కలిపాక హెచ్-ఇండెక్స్ 6 అయింది. అంతకు ముందు ఎవరైనా కమిటీ మెంబరు ఆవిడ పేరు కొట్టి చూసి ఉంటే, మొదట కనిపించిన 4 చూసి పక్కన పడేసేవారు.

అందుకే ఏ సైటూ తెరవకముందు ఓర్కిడ్ నంబరు తీసుకోండి. రీసెర్చర్ల కోసం 2012లో మొదలైన ఉచిత ఐడీ అది, 16 అంకెలుంటాయి. రెండు నిమిషాల పని. పేరు ఎలా రాసినా నంబరు మారదు కాబట్టి మన పేర్లకి ఇంతకంటే మంచి మందు లేదు.

ఇప్పుడు సైట్ల సంగతి. గూగుల్ స్కాలర్‌లో అన్నీ దొరుకుతాయి. మేడమ్ పేపర్లు మొత్తం 22, ఆ 22 అందులో కనిపించాయి. కానీ అది థీసిస్‌ని, జర్నల్లో రాకముందే నెట్లో పెట్టిన ప్రీప్రింట్‌ని, కాలేజీ వెబ్‌సైట్లో పెట్టిన పీడీఎఫ్‌ని కూడా సైటేషన్ కింద లెక్కేస్తుంది, ఒకే పేపరుని రెండుసార్లు చూపిస్తుంది. కొత్త పేపర్లు వాటంతటవే ప్రొఫైల్లో చేరిపోయే సెట్టింగ్ ఉంది, దాన్ని ఆపేసి మనం సరే అన్నాకే చేరేలా మార్చుకోవాలి. ఆ టర్బైన్ బ్లేడు అలాగే వచ్చి కూర్చుంది. శుభ్రం చేశాక స్కాలర్‌లో సైటేషన్లు 318, హెచ్-ఇండెక్స్ 8. స్కోపస్‌లో పేపర్లు 15, సైటేషన్లు 190, హెచ్-ఇండెక్స్ ఇందాక చెప్పిన 6. పబ్‌మెడ్‌లో ఉన్నవి 12 పేపర్లు, ఐసైట్ చూపించిన సైటేషన్లు 121. మనిషి ఒక్కరే, లెక్కలు మూడు, మూడూ నిజమే. ఎవరి బుట్టలో ఎన్ని పత్రికలు ఉన్నాయో దాన్నిబట్టి అంకె మారుతుంది. కాబట్టి ఫైలులో హెచ్-ఇండెక్స్ అని రాసేటప్పుడు ఏ సైటు, ఏ తారీఖు అన్నది పక్కన రాయకపోతే ఆ అంకెకి అర్థం లేదు.

హెచ్-ఇండెక్స్ అంటే ఏమిటో మా పీజీలకి కూడా సరిగ్గా తెలీదని ఈ పనిలో తెలిసింది. పేపర్లని సైటేషన్ల వరుసలో పెద్దదాని నుంచి చిన్నదానికి పేర్చండి. 31, 17, 14, 9, 6, 6, 3, 2, 0 అనుకుందాం. ఆరో పేపరు దాకా వస్తే ఒక్కోదానికి కనీసం ఆరు ఉన్నాయి, ఏడోదానికి మూడే ఉన్నాయి. అంటే హెచ్-ఇండెక్స్ 6. హిర్ష్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ 2005లో తెచ్చిన లెక్క ఇది. సులువుగా ఉంటుంది కాబట్టి అందరూ పట్టుకున్నారు. కానీ అది వయసుతో పెరుగుతుందే తప్ప తగ్గదు. మొదటి ఆథర్‌కి, పద్నాలుగో ఆథర్‌కి ఒకే ఫలితం ఇస్తుంది. కేన్సర్ మీద రాసేవాళ్లనీ అనాటమీ రాసేవాళ్లనీ ఒకే తక్కెడలో వేస్తుంది. కేన్సర్ పేపర్లు చదివేవాళ్లు, రాసేవాళ్లు లక్షల్లో ఉంటారు, సైటేషన్లు ఆ లెక్కనే వస్తాయి. సబ్జెక్టు చిన్నదైతే పని ఎంత మంచిదైనా అంకె చిన్నదే.

ఐసైట్ గొప్పతనం సరిగ్గా ఇక్కడే ఉంది. దాంట్లో ముఖ్యమైన అంకె ఆర్‌సీఆర్, అంటే రిలేటివ్ సైటేషన్ రేషియో. 2016లో ఎన్‌ఐహెచ్ వాళ్లే దీన్ని ప్రచురించారు. మన పేపరుకి ఏడాదికి సగటున ఎన్ని సైటేషన్లు వస్తున్నాయో చూస్తుంది, దాన్ని ఆ రంగంలో మామూలుగా వచ్చే సైటేషన్లతో పోలుస్తుంది. రంగం ఏమిటన్నది జర్నల్ పేరుని బట్టి తేల్చదు. మన పేపరుని సైట్ చేసినవాళ్లు దానితో పాటు ఇంకే పేపర్లని సైట్ చేశారో ఆ గుంపుని తీసుకుని, అదే మన రంగం అనుకుంటుంది. ఇది నాకు చాలా నచ్చింది. మనం ఏ బజారులో ఉన్నామో మన పక్క దుకాణాలని బట్టి తెలుస్తుంది కదా, అలాగన్నమాట. ఆర్‌సీఆర్ 1 వస్తే, ఎన్‌ఐహెచ్ నిధులతో అదే రంగంలో వచ్చిన మామూలు పేపరుతో సమానంగా నిలబడ్డట్టు. 2 వస్తే దానికి రెట్టింపు.

వాడటం కూడా తేలికే. పబ్‌మెడ్‌లో మన పేపర్లు వెతికి, మనవి మాత్రమే టిక్ పెట్టి, పీఎంఐడీ నంబర్లు (పబ్‌మెడ్ ప్రతి పేపరుకీ ఇచ్చే నంబరు) సేవ్ చేసుకోవాలి. ఆ నంబర్లు ఐసైట్ పెట్టెలో అతికిస్తే చాలు. ఒకేసారి పదివేల దాకా తీసుకుంటుంది, మనకి పన్నెండే. పేరుతో వెతకడం జోలికి అసలు పోకుండా నంబర్లతోనే పని జరుగుతుంది కాబట్టి లక్ష్ముల గొడవ ఉండదు.

ఒక శనివారం సాయంత్రం కాలేజీ అయిపోయాక డిపార్ట్‌మెంట్‌లో కూర్చుని మేడమ్ ముందే అతికించాను. మా అటెండరు తాళాలు పట్టుకుని రెండుసార్లు తొంగిచూసి "ఏటి సార్, ఇంకా అవలేదా" అని అడిగి వెళ్లాడు. పన్నెండు వరుసల పట్టిక వచ్చింది. సైటేషన్లలో అన్నిటికంటే పైన ఉన్నది 2020లో వచ్చిన కోవిడ్ పేపరు, 38 సైటేషన్లు. దాని కింద 2017లో వచ్చిన ఉద్దానం క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూసే రక్తపరీక్ష) సర్వే, 29 సైటేషన్లు. అదే వరుసలో కుడివైపు ఆర్‌సీఆర్ చూస్తే కోవిడ్ పేపరుకి 0.8, సర్వేకి 1.4. ఆ రోజుల్లో కోవిడ్ మీద ప్రపంచమంతా రాసింది, 38 అంటే ఆ రద్దీలో మామూలు కంటే తక్కువ. కిడ్నీ సర్వేల్లో 29 అంటే మంచి లెక్క. ఫారంలో "ఎక్కువ సైటేషన్లు వచ్చిన పేపరు" అన్న గడిలో మేం అప్పటికే కోవిడ్ పేపరు రాసి ఉంచాం. మేడమ్ పెన్ను తీసుకుని దాన్ని కొట్టేయబోయి ఆగారు. "అందులో నా పేరు పదకొండోది. పనంతా విశాఖ వాళ్లు చేశారు, నేను డేటా పంపానంతే. ఈ సర్వేకి మాత్రం రెండు వేసవులు పోయాయి" అన్నారు. అడిగింది ఎక్కువ సైటేషన్లున్నదే కాబట్టి కోవిడ్ పేపరుని అక్కడే ఉంచాం, పక్కన సర్వే పేరూ రెంటి ఆర్‌సీఆర్‌లూ రాశాం.

ఇంకో కాలమ్ ఉంది, దాని గురించి చాలామందికి తెలీదు. మన పేపరుని క్లినికల్ పేపర్లు, అంటే ట్రయల్స్, గైడ్‌లైన్ల లాంటివి ఏమైనా సైట్ చేశాయా అని విడిగా చూపిస్తుంది. సర్వేకి అక్కడ 2 ఉంది. నొక్కితే ఆ రెండు పేపర్లు తెరుచుకున్నాయి. మేడమ్ ఆ రెండిటినీ అక్కడే కూర్చుని చివరిదాకా చదివారు, తమ అంకెలు ఏ వాక్యంలో వాడుకున్నారో వెతికి పట్టుకునే దాకా వదల్లేదు. 318, 190, 121 అని నేను చెప్పినప్పుడు తలూపారంతే, ఈ 2 దగ్గర మాత్రం ప్రింట్ తీయమన్నారు. పేషెంటు దాకా చేరే దారిలో మన పని ఎక్కడైనా తగిలిందా అన్నది బయోమెడికల్ వాళ్లకి అసలైన ప్రశ్న. దాన్ని ఇంత తేలిగ్గా, ఉచితంగా చూపించే సైటు నేనింకోటి చూడలేదు.

ఇక తగ్గించిన మార్కు సంగతి. ఐసైట్‌కి పబ్‌మెడ్ బయట లోకం లేదు. మేడమ్ 22 పేపర్లలో పది దానికి కనపడవు. అందులో వజ్రపుకొత్తూరు వైపు తాగునీటి మీద రాసిన పేపరు ఒకటి. మన దేశపు జర్నల్లోనే వచ్చింది, ఎవరైనా ఉచితంగా చదవగలిగే జర్నళ్ల జాబితా డీవోఏజేలో ఉంది, పబ్‌మెడ్‌లో లేదు. మా పీజీలు ఉద్దానం వెళ్లేముందు చదివే మొదటి పేపరు అదే. ఐసైట్ లెక్కలో అది పుట్టనే లేదు. మన దగ్గర ఇది పెద్ద విషయం, ఎందుకంటే 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ ఇచ్చిన టీచర్ల అర్హత నిబంధనల్లో మెడ్‌లైన్, పబ్‌మెడ్ సెంట్రల్‌తో పాటు స్కోపస్, ఎంబేస్, డీవోఏజే కూడా ఉండేవి, మొదటి ముగ్గురిలో పేరుండాలి లేదా కరస్పాండింగ్ ఆథర్ (పేపరు తరఫున జర్నల్‌తో మాట్లాడే ఆథర్) అయ్యుండాలి అని ఉండేది. 2025లో వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి. అంటే ప్రమోషన్‌కి పనికొచ్చే పేపరు ఐసైట్‌లో సున్నా అవ్వచ్చు. ఐసైట్ ప్రింటు ఒక్కటే ఫైల్లో పెట్టి ఊరుకుంటే మీకు మీరే అన్యాయం చేసుకున్నట్టు. పైగా అది మొదటి ఆథర్, పదకొండో ఆథర్ తేడా కూడా చూడదు, మనమే పక్కన రాసుకోవాలి. కొత్తగా వచ్చిన పేపర్లకి ఆర్‌సీఆర్ గడి ఖాళీగా ఉంటుంది, కంగారు పడకండి.

అమెరికా నిధుల పేపర్లతో కవిటి సర్వేని పోల్చడం న్యాయమేనా అని మా డిపార్ట్‌మెంట్‌లోనే ఒకాయన అడిగారు. న్యాయమైన ప్రశ్నే. వాళ్ల ల్యాబు, వాళ్ల డబ్బు వేరు. కానీ కొలకర్ర ఎవరికైనా ఒకేలా ఉందన్నది నాకు ముఖ్యం. ఏ కర్రా లేకుండా మనిషిని చూసి అంకె వేసే పద్ధతి కంటే ఇదే నయం.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ గురించి ఒక్క మాట చెప్పకపోతే నా మనసు ఊరుకోదు. అంతకు ముందు ఒకచోట ఇంటర్వ్యూలో మేడమ్‌ని "మీ పేపర్లన్నిటి ఇంపాక్ట్ ఫ్యాక్టర్లు కూడి మొత్తం చెప్పండి" అని అడిగారట. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ జర్నల్‌ది. గత రెండేళ్లలో ఆ జర్నల్లో వచ్చిన పేపర్లకి ఈ ఏడాది వచ్చిన సైటేషన్లని ఆ పేపర్ల సంఖ్యతో భాగిస్తే వచ్చే సగటు అది. ఏ జర్నల్లో అయినా కొద్ది పేపర్లకే సైటేషన్లు కుప్పగా పడతాయి, మిగిలినవాటికి అంతంత మాత్రం. బస్సులో ఉన్నవాళ్ల సగటు జీతం చూసి కిటికీ పక్క సీటాయన జీతం చెప్పడం లాంటిది. దాన్ని మళ్లీ కూడడం ఏమిటి? మనుషులని తూచడానికి జర్నల్ అంకెలు వాడొద్దని 2013లో డోరా ప్రకటన స్పష్టంగా చెప్పింది, ప్రపంచమంతా వేల సంస్థలు దానిమీద సంతకాలు పెట్టాయి. మన దగ్గర ఇంటర్వ్యూలు చేసే పెద్దలు ఆ ప్రకటన చదివితే ఎంతో మేలు.

చివరికి ఫైల్లో మేం పెట్టింది ఇది. మొత్తం పేపర్ల లిస్టు, ప్రతిదాని పక్కనా మేడమ్ ఎన్నో ఆథర్, ఆ పనిలో ఏం చేశారు, అది ఏ ఇండెక్స్‌లో ఉంది అన్న వివరం. స్కోపస్ హెచ్-ఇండెక్స్ తారీఖుతో. ఐసైట్ పట్టిక ఒక పేజీ. తాగునీటి పేపరుకి ఐసైట్‌లో ఏ అంకే దొరకలేదు కాబట్టి దానికి నాలుగు వాక్యాలు మేడమే స్వయంగా రాశారు. ఏజెన్సీకి పోయింది కాక మొత్తం ఖర్చు ప్రింట్లకి 60 రూపాయలు, డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర. ఇంటర్వ్యూ ఇంకా జరగలేదు.

ఈ లిస్టు తయారుచేస్తున్నప్పుడే మేడమ్‌కి ఒక విషయం తట్టింది. ఇన్ని పేపర్లలో కవిటి వైపు మాతో తిరిగిన ల్యాబ్ టెక్నీషియన్ పేరు ఎక్కడా లేదు. ఐస్ బాక్స్ బండి మీద కట్టుకుని, నమూనాలు పాడవకుండా రాత్రికి రాత్రి శ్రీకాకుళం చేర్చింది అతనే. వచ్చే పేపరులో ట్యూబుల మీద లేబుళ్ల దగ్గర్నుంచి డేటా షీటు దాకా అతను చేసిన పని ఉంది. డ్రాఫ్టు అతనికి కూడా ఇచ్చి చదివించారు, రెండుచోట్ల తారీఖులు తప్పని అతనే పట్టుకున్నాడు. పేరు చేర్చాలని నిర్ణయించారు. మొన్న బుధవారం అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఓర్కిడ్ తెరిచాను. మొదటి గడి దగ్గరే ఆగి, నావైపు చూసి అడిగాడు: "ఇంటిపేరు ముందర రాయాలా సార్, ఎనకాల రాయాలా?"

పదో తరగతి సర్టిఫికెట్ తెమ్మన్నాను. అందులో ఎలా ఉందో చూసి, ఇక ముందు ఎక్కడైనా ఒకేలా రాసేట్టు ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసిచ్చాను. మడిచి జేబులో పెట్టుకున్నాడు.